అంచనా కిలోమీటర్లు

పోయిన వారం మిమ్మల్ని ఈతకొలను కౌంటరు దగ్గరే వదిలేశాను. మా చెల్లెలు ఒడ్నీ చేపల ఫ్యాక్టరీ గౌనుతో, తలకున్న వల టోపీ కూడా తియ్యకుండా పరుగున వచ్చి, "అక్కా, బార్దుర్ స్క్రూడ్రైవరు పట్టుకుని షెడ్డుకెళ్ళాడు" అని చెప్పింది కదా, అక్కడ. మొగుడు స్క్రూడ్రైవరు పట్టుకున్నాడంటే ఏ ఇల్లాలైనా సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ షెడ్డులో ఉన్నది ఎల్వార్ కారు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎల్వార్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. నవంబరులో ఒక పొద్దున చిన్న బోటేసుకుని సముద్రం మీదికి వెళ్ళాడు. బోటు దొరికింది, తలకిందులుగా. మనిషి దొరకలేదు. వెళ్ళేముందు వంటింటి గుమ్మంలో నిలబడి తల్లితో "స్క్రెప్" అన్నాడు. ఇలా వెళ్ళి అలా వస్తానని చెప్పడానికి మావాళ్ళు వాడే మాట అది. పక్కింటికి పంచదార కోసం వెళ్ళినా అదే మాట, కనుమ దాటి నాలుగు ఊళ్ళవతలికి వెళ్ళినా అదే మాట. అలా అని బయల్దేరినవాణ్ణి ఎక్కడికి అని అడగడం మాలో మర్యాద కాదు. ఒడ్నీ అడగలేదు.

జనవరిలో కొత్త పన్ను వచ్చింది. డీజిల్ మీద వేసే పన్ను తీసేసి, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకి కట్టండి, ఆ డబ్బుతో రోడ్లు వేస్తాం అన్నారు. మీటరు చూసి నంబరు మనమే పంపాలి. పంపకపోతే పాత తిరుగుళ్ళని బట్టి ఈ కారు నెలకి ఇంత తిరుగుతుందని వాళ్ళే అంచనా కట్టి బిల్లు వేస్తారు. మా కొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చునే మా ఊరి పెద్దమనుషులు చలికాలమంతా ఈ పన్నుని తిట్టడంతోనే గడిపారు. రాజధానిలో వాళ్ళకేం, కాలు బయట పెడితే డాక్టరు, ఇంకో కాలు పెడితే దుకాణం. పన్ను పీకించుకోవాలన్నా కనుమ దాటాల్సిన మనకే ఈ పన్ను పోటు అని వాళ్ళ బాధ. పైగా ఆ కట్టిన డబ్బుతో సముద్రం ఒడ్డునే పోయే దీపస్తంభం దారిలో మంచు తీయిస్తున్నారట, ఆ దారి పొడుగునా ఒక్క కొంపైనా ఉందా అని కూడా గొణిగేవాళ్ళు. మా ఊళ్ళో మంచు తీసే బండి నడిపేది మా బార్దురే కాబట్టి, నేను తువ్వాళ్ళు సర్దుతూ అటు వస్తే మాట మార్చేసి వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఎల్వార్ మహా తిరుగుబోతు. కనుమ అవతల ఊళ్ళో వాడికో పిల్ల ఉండేది. వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చేవాడు. అందుకని వాడి కారుకి అంచనా కూడా గట్టిగానే కట్టారు, నెలకి పన్నెండు వందల కిలోమీటర్లని. పన్ను పుట్టకముందే పోయిన పిల్లాడి పేరు మీద పన్ను బిల్లు వచ్చింది. బార్దుర్ దాన్ని చూసి మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయాడట. ఒడ్నీ మాత్రం రెండుసార్లు చదువుకుని, కట్టేసి, నాకు ఫోన్ చేసింది.

"ఈ నెల పన్నెండొందలు తిరిగాడట అక్కా," అంది.

ఆ గొంతులో సంతోషం విని నాకు భయమేసింది. నంబరు పంపించేయ్, అంచనా ఆపేస్తారు అన్నాను. వినలేదు. ఆ తర్వాతి నెలా అంతే. మార్చి బిల్లు వచ్చినప్పుడు కొలనుకి వచ్చి నా పక్కన కూర్చుని, దేశం చుట్టూ రోడ్డు ఎంత పొడవో లెక్క చెప్పింది. "రెండు చుట్లు పూర్తిచేసి మూడో చుట్టులో ఉన్నాడు దొరగారు. అమ్మని చూసిపోవడానికి మాత్రం తీరిక లేదు," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను లోపలికెళ్ళి తడి తువ్వాళ్ళ గదిలో నిలబడి ఏడ్చాను.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది. ఇక షెడ్డు దగ్గరికి వెళ్దాం.

నేను కౌంటరు మీద "స్క్రెప్" అని చీటీ పెట్టేసి కోటు తొడుక్కున్నాను. తొట్టిలో ఇద్దరు జర్మన్లు ఉన్నారు. స్నానం చెయ్యకుండా నీళ్ళలోకి దిగబోతే నా చేత చీవాట్లు తిన్నవాళ్ళు. కాసేపు ఉడకనీ అనుకున్నాను. షెడ్డు రేవు పక్కన ఉంది, ఒకప్పుడు చేపలకి ఉప్పు పట్టించిన చోటు. ఏప్రిల్ నెల, పట్టపగలు, వానా మంచూ కలిసి మొహాన కొడుతున్నాయి. దారి పొడుగునా ఒడ్నీ నా చెయ్యి పట్టుకునే నడిచింది. చిన్నప్పుడు బడికి వెళ్తూ కూడా అలా పట్టుకునేది కాదు.

తలుపు తీసేసరికి బార్దుర్ ఆకుపచ్చ కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వెనక నంబరు పలక అప్పటికే ఊడదీసి నేల మీద పెట్టాడు. మా మరిది మంచివాడే కానీ మాట పొదుపు ఎక్కువ. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఆ పూట తప్పతాగాడేమో అనుకోవాలి.

శనివారం చర్చిలో ప్రార్థన అని, ఆలోపు పలకలు అప్పగించి కారుని పన్ను లెక్కలోంచి తీయించి వస్తానని, మాకేసి చూడకుండానే చెప్పాడు.

"ఎవరికి ప్రార్థన?" అంది ఒడ్నీ.

"ఒడ్నీ..."

"పెట్టె లేదు, అందులో పెట్టడానికి మనిషి లేడు. ఎవరికి ప్రార్థన అని అడుగుతున్నా."

అతను స్క్రూలు జేబులో వేసుకున్నాడు. ఒడ్నీ వెళ్ళి ముందు పలకకి అడ్డంగా, పాత ఉప్పు పీపా మీద కూర్చుంది. కూర్చున్న వెంటనే సంచిలోంచి అల్లిక తీసింది. ఇల్లు కాలిపోతున్నా దాని చేతులు ఊరికే ఉండవు. ఈ చలికాలమంతా అది అల్లింది ఒకటే రకం, రెండు బొటనవేళ్ళ చేతి తొడుగులు. మా తాతల కాలంలో చేపలకెళ్ళేవాళ్ళు వేసుకునేవి. తాడు లాగి లాగి ఒక వైపు తడిసి అరిగిపోతే తిప్పి తొడుక్కోవడానికి రెండో బొటనవేలు. ఇప్పుడు అందరికీ రబ్బరువి వచ్చేశాయి. పిల్లాడు పోకముందు వచ్చిన క్రిస్మస్‌కి సరదాగా ఒక జత అల్లి ఎల్వార్‌కి ఇస్తే, వాడు నాలుగు బొటనవేళ్ళూ ఆడిస్తూ "నన్ను మనిషిగా కన్నావా అమ్మా, పీతగా కన్నావా?" అని ఇల్లంతా గంతులేశాడు. అంత ఎగతాళి చేసినవాడు మళ్ళీ బోటెక్కితే అవే తొడుక్కునేవాడు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేవు అలాంటివి.

ఇద్దరి మధ్యా నేను సంధి చెయ్యబోయాను. ఐదు నెలలు ఆగినవాడివి ఇంకో ఐదు నెలలు ఆగలేవా అని బార్దుర్‌ని కసిరాను. నిజానికి నాకు అర్థం కానిది అదే. మార్చి నెల సగం వరకు ఒడ్నీ ఏం చేసినా నోరెత్తని మనిషి, ఉన్నట్టుండి ఒక రోజు పాస్టరమ్మ ఇంటికెళ్ళి ప్రార్థనకి రోజు పెట్టించుకుని వచ్చాడు. ఎందుకంటే చెప్పడు.

"ఇలా ఎన్నాళ్ళు బతుకుతాం యోరున్," అన్నాడు నాతో. "నెల నెలా ఆ బిల్లు రాగానే దీని మొహం వెలిగిపోతుంది. నేను చూడలేకపోతున్నా."

ఒడ్నీ అల్లిక ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. మెల్లగా, పిల్లాడికి పాఠం చెబుతున్నట్టు చెప్పింది.

"ఊరందరికీ తెలుసు వాడు పోయాడని. చర్చికి తెలుసు. బ్యాంకుకి తెలుసు. ఆ పిల్లకి కూడా తెలుసు, ఇంకొకడితో తిరుగుతోందట, తిరగనీ, చిన్నది. ఈ దేశం మొత్తంలో ఒక్క ఆఫీసుకి తెలీదు బార్దుర్. అక్కడెవరో నెల నెలా మావాడు తిరుగుతున్నాడని రాస్తున్నారు. నువ్వెళ్ళి వాళ్ళకెందుకు చెప్పడం?"

"అక్కడ రాసే మనిషెవరూ లేరే. మిషను."

"మిషనైతే ఏం? అదైనా నమ్ముతోంది కదా."

చివరికి నాకే ఒక ఉపాయం తట్టింది. తెలివైన ఉపాయమే అనుకున్నాను. పలకల సంగతి తర్వాత, ముందు మీటరు మీద నంబరు చూసి ఒక కాగితం మీద రాసుకుందాం, పంపాలో వద్దో ఇంటికెళ్ళి కాఫీ తాగుతూ ఆలోచిద్దాం అన్నాను.

"చూడక్కర్లేదు," అంది ఒడ్నీ. "నాకు నోటికొచ్చు." రేవు నుంచి కారు తెచ్చి ఇక్కడ పెట్టిన రోజు అందులో ఎక్కి కూర్చుందట, స్టీరింగు పట్టుకుని. ఎదురుగా ఆ నంబరే ఉంది, చూస్తూ కూర్చుంది. కొడుకు పుట్టిన రోజు చెప్పినంత సులువుగా చెప్పింది. లక్షా నలభై రెండు వేల మూడు వందల ఆరు.

"అయితే అదే పంపుదాం," అన్నాడు బార్దుర్ గబుక్కున. "మళ్ళీ చూడ్డమెందుకు."

అప్పటిదాకా పలకలు ఊడదీసి లెక్క తేల్చేస్తానని పట్టుబట్టిన మనిషి, ఇప్పుడు కారు తలుపుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. నా నోరు ఊరుకుంటుందా? చూడకుండా పంపి రేపు పన్ను వాళ్ళ చేత దొంగ లెక్క అనిపించుకుంటావా, తాళం ఇవ్వు అన్నాను. ఇవ్వలేదు. అతని పై జేబులోంచి బయటికి వేలాడుతున్న తాళం దారం పట్టుకుని నేనే లాగేసుకున్నాను. ఆ పని చెయ్యకుండా ఉంటే ఎంత బాగుండేదో ఇప్పటికీ అనుకుంటాను.

కార్లో కూర్చుని తాళం తిప్పాను. అంకెలు వెలిగాయి. కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాను. లక్షా నలభై రెండు వేల తొమ్మిది వందల నలభై.

"తప్పు చదివావు. మళ్ళీ చదువు," అంది ఒడ్నీ.

మళ్ళీ చదివాను. అదే నంబరు.

దాని చేతిలో సూదులు ఆగిపోయాయి. లేచి వచ్చి, నా భుజం మీదుగా వంగి ఆ అంకెల్ని చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే దాని మొహంలోకి ఏదో వచ్చింది. ఐదు నెలలుగా నేను చూడని మొహం అది. పెళ్ళికి ముందు ఇలా ఉండేది మా చెల్లెలు.

"తిరిగింది," అంది. "అక్కా, కారు తిరిగింది. ఆరొందల కిలోమీటర్లు. వాడికి తెలుసు షెడ్డు తాళం ఎక్కడ పెడతామో. అది దాచడానికి గడప కింద రాయి వాడే పెట్టాడు." స్టీరింగు మీద చెయ్యి వేసి నిమిరింది. "వచ్చాడు. మాకెందుకో కనపడలేదు. ఏదో కారణం ఉంటుంది, ఏదో సిగ్గు. వచ్చాడు కానీ."

చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. పడిపోతుందని కాదు, ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. అద్దంలోంచి బార్దుర్ కనిపిస్తున్నాడు. అంత పొడుగు మనిషి కారు కప్పు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఆ నిమిషంలో అతను నోరు మూసుకుని ఉంటే ఒడ్నీ ఇంకో ఐదేళ్ళు బతికేసేది ఆ నంబరు మీద. అతనికీ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. కానీ అబద్ధం మీద పెళ్ళాన్ని బతికించే రకం కాదు మా బార్దుర్.

"నేను తిప్పాను," అన్నాడు.

ఒడ్నీ వినిపించనట్టు అలాగే అంకెల్ని చూస్తోంది.

"నేనే ఒడ్నీ. నువ్వు పొద్దున షిఫ్టుకి వెళ్ళాక."

అప్పుడు అది తల తిప్పింది. "ఎక్కడికి?" అని అడిగింది. మావాళ్ళు అడగని మాట అది. ఆ రోజు కొడుకుని అడగని మాట ఇప్పుడు మొగుణ్ణి అడిగింది.

దీపస్తంభం దాకా అని చెప్పాడు. ఆ దారిలో ఉన్న రాళ్ళ ఒడ్డులన్నీ, ఒక్కోటి ఒక్కో రోజు వెతికాడట. ముందు పెద్ద బండితో వెళ్ళి దారిలో మంచు తీసేవాడు. వెనక్కొచ్చి అది ఇక్కడ పెట్టి, ఎల్వార్ కారు తీసుకుని మళ్ళీ వెళ్ళేవాడు. ఇళ్ళు లేని ఆ దారి చలికాలమంతా ఎందుకు నల్లగా, శుభ్రంగా ఉందో అప్పుడు తెలిసింది నాకు. తొట్టిలో కూర్చుని కిలోమీటర్ల డబ్బు వృథా అని గొణిగిన ప్రతి మనిషినీ జుట్టు పట్టుకుని ముంచాలనిపించింది.

"పెద్ద బండి ఉందిగా నీకు. నీ కారుందిగా," అంది ఒడ్నీ. "వాడి కారెందుకు?"

బార్దుర్ మొహం తిప్పుకున్నాడు.

"దీని చప్పుడు వాడికి తెలుసు కదా," అన్నాడు. "ప్రతి ఒడ్డు దగ్గరా ఆపి, ఇంజను ఆపకుండా, అద్దాలు దించి కూర్చునేవాణ్ణి. ఎక్కడైనా ఉంటే వింటాడని."

ఇంక ఆపుకోలేకపోయాడు. అతను ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. బోటు ఒడ్డుకి లాక్కొచ్చిన రోజు కూడా ఏడవలేదు. ఒడ్నీ కారులోకి వంచిన తల బయటికి తీసి, కారు చుట్టూ తిరిగి అతని దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న సగం అల్లిన తొడుగుతో అతని మొహం తుడిచింది. ముక్కు కూడా తుడిచింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడితే నేను కారులోనే కూర్చుని ఆ అంకెల్ని చూస్తూ ఉండిపోయాను. మా చెల్లెలు బిల్లులు చూసుకుని కొడుకుని దేశం చుట్టూ తిప్పింది. ఇతను కొడుకు కారులో ఒకే దారిలో తిరిగాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

కథ అక్కడితో ఆగితే నేనూ సంతోషించేదాన్ని.

"ఇప్పుడు వెళ్ళడం లేదా?" అని ఒడ్నీ అడిగింది, అతని కోటు గుండీలు సరిచేస్తూ.

"లేదు."

"ఎప్పుడు మానేశావు?"

"మూడు వారాలైంది."

మూడు వారాల కిందటే అతను పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. నాకు తట్టింది, ఒడ్నీకీ తట్టింది. "ఎందుకు మానేశావు?" అని అడగడానికి నోరు తెరిచింది. బార్దుర్ కళ్ళు ఒక్క క్షణం కారు వెనక్కి, డిక్కీ వైపు వెళ్ళొచ్చాయి. ఒడ్నీ ఆ చూపు పట్టుకుందో లేదో నేను చెప్పలేను. తల వంచుకుని, సూది మీంచి జారిపోయిన కుట్లు ఒక్కొక్కటే ఎక్కించుకుంది.

"ఇప్పుడు చెప్పకు," అంది. "నన్ను అక్కడికి తీసుకెళ్ళు. వాడి కారులోనే, నేను నడుపుతాను. తిరిగొచ్చాక ఆ నంబరు నేనే పంపుతా. అంచనా కాదు, నిజంగా తిరిగింది. ఆ తర్వాత పలకలు ఊడదీసుకో."

బార్దుర్ జేబులోంచి స్క్రూలు తీసి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని వెనక పలక బిగించాడు. ఒక స్క్రూ రెండుసార్లు కింద పడింది. నేను ఇంటికి పోతాను, మీరిద్దరూ వెళ్ళిరండి అన్నాను. ఒడ్నీ ఒప్పుకోలేదు. తన సంచి నా ఒళ్ళో పెట్టి వెనక సీట్లో కూర్చోబెట్టింది.

కొలను ముందు నుంచి వెళ్ళాం. జర్మన్లు తువ్వాళ్ళు చుట్టుకుని కిటికీ దగ్గర నిలబడి నా కోసం చూస్తున్నారు. రేవు దాటాం, ఊరు దాటాం, చివరి వీధి దీపం దాటాం. దీపస్తంభం దారి మలుపు దగ్గర రోడ్డుకి రెండు పక్కలా బార్దుర్ తోసిన మంచు గోడలు ఇంకా కరగకుండా ఉన్నాయి. ఒడ్నీ సీటు ముందుకి జరుపుకోలేదు. కొడుకు కాళ్ళ పొడుగుకి ఉన్న సీట్లో అంచున కూర్చుని, మునివేళ్ళతో తొక్కుతూ నడుపుతోంది.

నా వెనక డిక్కీ. సీటుకీ దాని మూతకీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు ఉంది. నేను మంచిదాన్నని ఎప్పుడూ చెప్పుకోలేదు. మెడ నొప్పిగా ఉన్నట్టు పక్కకి వాలి, చెయ్యి వెనక్కి పోనిచ్చాను. తాడు తగిలింది, ఖాళీ డబ్బా తగిలింది. ఆ తర్వాత ఒక ప్లాస్టిక్ సంచి, మూతి ముడి వెయ్యకుండా. లోపల ఉన్నిది ఏదో ఉంది. ఉప్పు పట్టి అట్టలా బిగుసుకుపోయింది. ఒకటే ఉంది. వేళ్ళతో తడుముకుంటూ పోతే బొటనవేలు తగిలింది.

అటు వైపు తడిమాను. ఇంకో బొటనవేలు.

ముందు సీట్లోంచి అద్దంలో నన్నే చూస్తోంది ఒడ్నీ. "ఏంటక్కా అలా అయిపోయావు? చేతులు చల్లబడ్డాయా? నీ ఒళ్ళో సంచిలో వాడి కోసం అల్లినవి ఉన్నాయి, ఒక జత తొడుక్కో," అంది.

నేను ఆ చెయ్యి బయటికి తియ్యలేదు.